తాళాల బోర్డు

పాత కంపెనీ తాళం చెవి బల్ల మీద పెట్టి
బయటికొచ్చిన రోజు, ఒగల్లాలాలో గాలి
ఖాళీ ట్రైలర్లను భుజంతో నెడుతోంది.
పంతొమ్మిదేళ్ళ డ్రైవింగు. ఒక దుప్పటి, ఒక ఫ్లాస్కు,
కోడు విరిగిన కుర్చీలాంటి నడుము.
అంతే నా సామాను.

కబురెలా పాకిందో, ఆ సాయంత్రం నుంచే ఫోన్లు.
మైలుకు ఇన్ని సెంట్లు అన్నాడొకడు,
దానిమీద మూడు అంది ఇంకొకామె.
చేరగానే బోనసు, కొత్త బండి, మెత్తటి పరుపు,
వారం వారం ఇల్లు.
అందరిదీ పెళ్ళిళ్ళ పేరయ్య గొంతే.

మైళ్ళ లెక్క నాకూ వచ్చు.
కదిలిన మైలుకే కదా డబ్బులు.
లారామీలో గోదాము గుమ్మం ముందు
తొమ్మిది గంటలు నిలబడ్డ చక్రానికి
ఏ కాగితంలోనూ పేరు లేదు.
దాని సంగతేమిటంటే
ఇద్దరు "అలా ఎప్పుడో గానీ జరగదు" అన్నారు.
మూడోవాడికి లైను సరిగా వినపడలేదు.

దూరపు కొండలు నునుపంటారు.
ఫిబ్రవరిలో ఎల్క్ మౌంటెన్ దగ్గర
చేరువ కొండలూ నునుపే,
నల్లమంచు పలచగా పట్టి.
పాత డిస్పాచరు అక్కడే అన్నాడు,
"అందరూ వెళ్తున్నారు, నీకేం?"
అందరూ వెళ్ళారు. నలుగురు రోడ్డు పక్క గుంటలో
బండ్లతో సహా పడుకున్నారు.
నేను ఆగాను.
ఆగినందుకు జీతం కోశారు.

అందుకే ఈసారి ఫోన్లు నమ్మలేదు.
ఆదివారం పూట, ఎవరూ పిలవకుండానే,
అక్క కొడుకు పికప్పు అడిగి తీసుకుని
యార్డుల చుట్టూ తిరిగాను.
పశువుల సంతలో పళ్ళు పట్టి చూసినట్టు
లోపలి వరస టైర్లు తడిమి చూశాను.
బయటి వరస ఎవడైనా కొత్తవి వేస్తాడు.

మొదటి చోట గోడకు తాళాల బోర్డు.
కొక్కెం కింద టేపు, టేపు మీద పేరు.
నాకిస్తామన్న బండి నాలుగొందల పన్నెండు.
దాని టేపు మందంగా ఉంది, ఉల్లిపాయలా.
గోరుతో గీకాను.
డెన్నీ కింద రాస్కో, రాస్కో కింద ఓర్విల్,
ఓర్విల్ కింద సగం చెరిగిన ఎవరో ఒకామె.
ఇంకా ఉన్నాయి గానీ గోరు విరిగింది.
రెండేళ్ళ బండి అది.

నేల తుడుస్తున్న ఇమెల్డా
కర్ర గోడకానించి నా వంక చూసింది.
"పోయేవాళ్ళు తాళాలివ్వడానికి ఇక్కడిదాకా రారు.
ఎక్కడో డీజిల్ బంకులో బండి వదిలేస్తారు.
తెచ్చుకోవడానికి మా ఆయన్ని పంపిస్తారు.
సీటు కింద ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.
మొన్న చంటిపిల్ల బూటు. ఒకటే."

రెండో యార్డు చిన్నది. పదకొండు బండ్లు.
మైలుకు నాలుగు సెంట్లు తక్కువ.
కాఫీ నోట పెట్టుకునేట్టు లేదు.
బోర్డు కూడా లేదు, గోడకు మేకులు.
ఆఫీసులో థేడా లిండ్‌క్విస్ట్ శాండ్‌విచ్ తింటోంది.
అడిగాను: "ఎల్క్ మౌంటెన్‌లో గాలి అరవై దాటింది.
నేను ఆగిపోయాను. అప్పుడు?"
వెంటనే జవాబు చెప్పలేదు. మంచి గుర్తు.
నమిలి, మింగి,
"ముందు తిట్టుకుంటాను," అంది. "గాలిని.
ఒక్కోసారి నిన్ను కూడా.
తర్వాత సరుకువాడికి ఫోన్ చేస్తాను.
వాడు నన్ను తిడతాడు.
ఈ కుర్చీ ఉన్నది అందుకే కదా."

సంతకం పెట్టానా? లేదు.
పికప్పులో కూర్చుని, ఆవిరి పట్టిన అద్దం మీద
వేలితో నాలుగు సెంట్లను ఏడాదికి గుణించాను.
నాలుగువేల పైచిలుకు డాలర్లు.
నా పళ్ళ ఖర్చు. లేదా ఇంటి కప్పు సగం.
డబ్బుదేముంది అనేవాళ్ళు
ఎప్పుడూ పళ్ళు కట్టించుకుని ఉండరు.
లెక్క తుడిచేశాను. మళ్ళీ వేశాను.
అంతే వచ్చింది.

లోపలికెళ్ళి, మేకుకు వేలాడుతున్న
తాళం చూపించాను. ఇదెవరిది?
"రూబెన్‌ది. పధ్నాలుగేళ్ళు తోలాడు. మోకాళ్ళు పోయాయి.
మంగళవారాలు వచ్చి అదిగో అక్కడ కూర్చుంటాడు.
బ్రేకుల గురించి నీకు విసుగు పుట్టేదాకా చెప్తాడు."

థేడా సొరుగులోంచి టేపు చుట్ట తీసింది.
"పేరు రాయనా?"
"పెన్సిలుతో," అన్నాను.
ఆమె నవ్వలేదు.
పెన్సిలు వెతికింది.